బెంగళూరులో డిగ్రీ, ఇంజినీరింగ్ సీటు: బోర్డు మీద పేరు కాదు, క్యాంపస్ చూసి చేరండి

ఇంటర్ ఫలితాలు రాగానే బెంగళూరులో ఉండే తెలుగువాళ్లందరికీ ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మావాడికి అక్కడ ఏ కాలేజీ బాగుంటుంది చెప్పు బాబాయ్" అని. అడిగిన వెంటనే ఒక్క పేరు చెప్పేసేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. ఈ నగరంలో ఒకే పేరుతో నాలుగు క్యాంపస్‌లు ఉంటాయి. ఒకే ట్రస్టు కింద పాత కాలేజీ ఒకటి, కొత్త యూనివర్సిటీ ఒకటి నడుస్తుంటాయి. "బెంగళూరు" అని బ్రోచర్ మీద అచ్చు వేసుకున్నవాటిలో కొన్ని పక్క తాలూకాలో ఉంటాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఇక్కడ అప్పుడప్పుడు అక్షరాలా నిజమవుతుంది. కాబట్టి ఏ క్యాంపస్, ఏ డిపార్ట్‌మెంట్, అక్కడి నుంచి రోజూ ఎంతసేపు ప్రయాణం అన్న మూడూ తేలేదాకా ఎవరికీ పైసా కట్టొద్దు. తేల్చుకునే పద్ధతి కింద వరుసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: మీకు ఏ తలుపు తెరిచి ఉందో చూసుకోండి

చాలామంది కాలేజీల జాబితా రాసుకున్నాక, అందులో ఎలా చేరాలని ఆలోచిస్తారు. తిరగేసి చేయండి.

కర్ణాటక ప్రభుత్వ కోటా ఇంజినీరింగ్ సీట్లు కేసీఈటీ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. ఆ రాష్ట్రంలో కనీసం ఏడేళ్లు చదివి ఉండటం లాంటి స్థానికత నిబంధనలు దానికి ఉన్నాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో చదివినవాళ్లకు మామూలుగా ఆ దారి మూసే ఉంటుంది. సరిహద్దు వాళ్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది, అది చాలామందికి తెలీదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం, మడకశిర తాలూకాల్లో చదివి, మాతృభాష కన్నడ అయినవాళ్లకు గడినాడు కన్నడిగ అనే కేటగిరీ ఉంటుంది. మీ ఇంట్లో కన్నడ మాట్లాడతారంటే ఆ ఏడాది కేఈఏ (ఆ పరీక్ష నడిపే సంస్థ) బ్రోచర్ తెరిచి ఆ క్లాజు, దానికి కావాల్సిన సర్టిఫికెట్లు పూర్తిగా చదవండి.

మిగతా అందరికీ ఇంజినీరింగ్‌లో పెద్ద దారి కామెడ్‌కే, అంటే కర్ణాటక ప్రైవేటు కాలేజీలు కలిసి పెట్టే ప్రవేశ పరీక్ష. ఏ రాష్ట్రం వాళ్లైనా రాయొచ్చు. మన ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్)లో మూడు గంటలకు 160 ప్రశ్నలైతే ఇక్కడ అదే మూడు గంటలకు 180. నెగెటివ్ మార్కులు లేవు. సిలబస్ కొత్తదేమీ కాదు, వేగం ఒక్కటే కొత్తగా అలవాటు చేసుకోవాలి. ఆర్‌వీ, బీఎంఎస్, రామయ్య లాంటి పాత కాలేజీల్లో బయటి రాష్ట్రం పిల్లలు డొనేషన్ లేకుండా చేరేది ప్రధానంగా దీని ద్వారానే.

ఇవి కాక ఎవరి పరీక్ష వాళ్లకు ఉంది. పీఈఎస్ యూనివర్సిటీకి పీశాట్. క్రైస్ట్ యూనివర్సిటీకి సొంత పరీక్ష, ఇంటర్వ్యూ. నేషనల్ లా స్కూల్‌కు క్లాట్. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీకి సొంత పరీక్ష, ఇంటర్వ్యూ. ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో బీటెక్ మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ కోర్సుకు జేఈఈ అడ్వాన్స్‌డ్. మ్యాథ్స్ అంటే నిజంగా ప్రాణం పెట్టే పిల్లలుంటే మైసూరు రోడ్డులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను మరిచిపోకండి. అక్కడ బీమ్యాథ్ కోర్సుకు ట్యూషన్ ఫీజు లేదు సరికదా, పిల్లలకే స్టైపెండ్ ఇస్తారు. మన ఇంటర్ కాలేజీలు ఈ పేరు పిల్లలకు ఎందుకు చెప్పవో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక మేనేజ్‌మెంట్ కోటా, కన్సల్టెన్సీలు. "కౌన్సెలింగ్‌లో ఫలానా సీటు బ్లాక్ చేసి మీకు ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ ఫోన్ అక్కడితో పెట్టేయండి. 2024 కౌన్సెలింగ్‌లో ఇంజినీరింగ్ సీట్లు బ్లాక్ చేశారన్న కేసులో బెంగళూరు పోలీసులు అరెస్టులు కూడా చేశారు. మేనేజ్‌మెంట్ సీటే తీసుకోవాలనుకుంటే కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకు నేరుగా వెళ్లండి, కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరు మీద రసీదు తీసుకోండి.

రెండో మెట్టు: ఆ పేరుతో ఉన్నది ఏ సంస్థ?

ఎక్కువమంది తెలుగు తల్లిదండ్రులు తికమకపడేది ఇక్కడే, అందుకే కొంచెం ఆగి చెబుతాను.

ఆర్‌వీ కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్ 1963లో మొదలైంది. వీటీయూ అనే రాష్ట్ర ప్రభుత్వ టెక్నికల్ యూనివర్సిటీకి అనుబంధమైన అటానమస్ కాలేజీ (సిలబస్, పరీక్షలు సొంతం). ఆర్‌వీ యూనివర్సిటీ 2021లో క్లాసులు మొదలుపెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ. ట్రస్టు ఒకటే, సంస్థలు రెండు. రామయ్య ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వేరు, రామయ్య యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్ వేరు. దయానంద సాగర్ కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్ వేరు, దయానంద సాగర్ యూనివర్సిటీ వేరు. బసవనగుడిలోని బీఎంఎస్ కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్ 1946 నాటిది. యలహంక వైపున్న బీఎంఎస్ఐటీ 2002లో వచ్చింది. ఈ జంటల్లో రెండోది చెడ్డదని నేననడం లేదు. కానీ మొదటిదానికి దశాబ్దాల మీద వచ్చిన పేరును రెండోదానికి కట్టబెట్టి, "ఆర్‌వీలో సీటొచ్చింది" అని ఊళ్లో చెప్పుకోకండి. కంపెనీలకు ఆ తేడా బాగానే తెలుసు.

ఇంకో రకం: సంస్థ ఒకటే, క్యాంపస్‌లు వేరు. క్రైస్ట్ యూనివర్సిటీకి హోసూరు రోడ్డు, బన్నేరుఘట్ట రోడ్డు, కెంగేరి, యశవంతపుర అని నగరంలోనే నాలుగు ఉన్నాయి. పాత పేరంతా హోసూరు రోడ్డు క్యాంపస్‌ది, ఇంజినీరింగ్ ఉన్నది కెంగేరిలో. పీఈఎస్‌కు రింగ్ రోడ్డు క్యాంపస్ ఒకటి, ఎలక్ట్రానిక్ సిటీ క్యాంపస్ ఒకటి. అలాట్‌మెంట్ లెటర్ రాగానే కోర్సు పేరు కంటే ముందు క్యాంపస్ పేరు చదవండి.

ఆ తర్వాత యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) వెబ్‌సైటులో ఆ యూనివర్సిటీ పేరు స్టేట్, ప్రైవేట్, డీమ్డ్ (కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థలు) జాబితాల్లో దేనిలో ఉందో వెతకండి. డీమ్డ్ అయితే మీరు చేరబోయే క్యాంపస్‌కు కూడా అనుమతి ఉందో లేదో చూడండి. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ లాంటి కోర్సులకు యూనివర్సిటీ గుర్తింపు ఒక్కటే చాలదు, ఆయా కౌన్సిళ్ల అనుమతి కూడా ఉండాలి.

వీటీయూ కాలేజీల్లో ఎక్కువగా ఇచ్చేది బీఈ, బీటెక్ కాదు. ఉద్యోగానికీ పైచదువుకూ రెండూ సమానమే. "బీఈ అంటే తక్కువేమో" అని పెళ్లి సంబంధాల దాకా లాగే బంధువులకు ఈ ముక్క చెప్పండి. అన్నట్టు, వీటీయూ పేరులో ఉన్న విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం. అది గిద్దలూరు ప్రాంతంలోని ఊరు. మనవాళ్లు ఇటు రావడం నిన్నమొన్నటి కథ కాదు.

మూడో మెట్టు: కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

మ్యాప్‌లో క్యాంపస్ పెట్టి, మీరు ఉండబోయే చోటు పెట్టి, బయలుదేరే సమయం సోమవారం ఉదయం ఎనిమిదిన్నర అని ఎంచుకోండి. ఆదివారం మధ్యాహ్నం చూసే సమయం బెంగళూరులో ఎందుకూ పనికిరాదు.

"వైట్‌ఫీల్డ్‌లో మామయ్య వాళ్లున్నారు, అక్కడ ఉండి చదువుకుంటాడు" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కాలేజీ మైసూరు రోడ్డులో ఉంటే అది నగరానికి ఆ కొస నుంచి ఈ కొస. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా పూర్తయ్యాక ఇది అసాధ్యమైతే కాదు. కానీ 43 కిలోమీటర్ల లైనులో చాలా భాగం రోజూ రెండుసార్లు వెళ్లొచ్చే పిల్లాడికి సాయంత్రం క్లబ్బులు, ల్యాబులు, స్నేహితులు ఏవీ మిగలవు. మామయ్య ఇల్లు శని, ఆదివారాలకు. మామూలు రోజుల్లో క్యాంపస్ హాస్టల్, లేదంటే నడిచి వెళ్లేంత దూరంలో పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి).

మెట్రో ఈ మధ్య చాలా లెక్కలు మార్చింది. 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వైపు కాలేజీలు నగరానికి దగ్గరయ్యాయి. సిల్క్ బోర్డు జంక్షన్లో బస్సులో కూర్చుని సాయంత్రాలు పోగొట్టుకున్నవాళ్లకు ఆ విలువ తెలుసు. బసవనగుడి బీఎంఎస్‌కు గ్రీన్ లైన్ ఉంది. మీరు పాత బ్లాగుల్లో, పాత వీడియోల్లో చదివిన "అక్కడికి వెళ్లడం నరకం" అన్న మాటలు మెట్రో రాకముందువి కావచ్చు, తేదీ చూసుకోండి.

నగరం నడిమధ్య ఉన్న కాలేజీకీ శివారు క్యాంపస్‌కూ జీవితమే వేరుగా ఉంటుంది. ప్యాలెస్ రోడ్డులోని మౌంట్ కార్మెల్, లాంగ్‌ఫర్డ్ రోడ్డులోని సెయింట్ జోసెఫ్స్ లాంటి చోట్ల ఆటస్థలం చిన్నదైనా కబ్బన్ పార్కులోని సెంట్రల్ లైబ్రరీ, చర్చి స్ట్రీట్ పుస్తకాల షాపులు, నాటకాలు, ఉపన్యాసాలు అన్నీ చేతికందేంత దూరంలో ఉంటాయి. కామర్స్, ఎకనామిక్స్, జర్నలిజం, సాహిత్యం చదివేవాళ్లకు నగరమే సగం చదువు. వాళ్లను నేను శివారుకు పంపను. రాజానుకుంటె, దొడ్డబళ్లాపుర, ఆనేకల్, కనకపుర రోడ్డు చివరి క్యాంపస్‌లలో చెట్లు, మైదానాలు, పెద్ద హాస్టళ్లు ఉంటాయి. గీతం బెంగళూరు క్యాంపస్ కూడా దొడ్డబళ్లాపుర తాలూకాలోనిదే. ల్యాబులోనే గడిపే ఇంజినీరింగ్ పిల్లలకు అది సరిపోవచ్చు. అయితే వారం మధ్యలో ఇంటర్న్‌షిప్ చేయాలన్నా, స్టార్టప్‌లో పని నేర్చుకోవాలన్నా రాకపోకలకే సగం రోజు పోతుంది.

ఇంటి దూరం సంగతి. హిందూపురం, మదనపల్లె, కుప్పం వాళ్లకు బెంగళూరు విజయవాడ కంటే దగ్గర, వారాంతంలో ఇంటికెళ్లి అన్నం తిని రావచ్చు. హైదరాబాద్ వైపు వాళ్లకు రాత్రి రైళ్లు ఉన్నాయి. 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశవంతపుర వందే భారత్ కర్నూలు, అనంతపురం మీదుగా నడుస్తోంది. కాకినాడ వాళ్లకు శేషాద్రి ఉంది. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి సంక్రాంతి టికెట్‌కు నవంబరు నడుమ నుంచే కాచుకుని కూర్చోవాలి. దొరక్కపోతే మడివాళలో ప్రైవేటు బస్సు, పండగ రేటు.

నాలుగో మెట్టు: పేరు ప్రతిష్ఠల్ని కాగితం మీద తూచండి

ర్యాంకుల గురించి ఒక్క విషయం తెలిస్తే సగం గందరగోళం పోతుంది. కేంద్ర విద్యాశాఖ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి. ఇంజినీరింగ్, యూనివర్సిటీ విభాగాల్లో వందలో బోధనా వనరులకు 30, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అందరికీ అవకాశానికి 10, జనంలో ఉన్న పేరుకు 10. పరిశోధనకు అంత బరువు ఉంది కాబట్టి ఐఐఎస్‌సీ యూనివర్సిటీల్లో ప్రతి ఏడాదీ మొదటి స్థానంలో ఉండటంలో ఆశ్చర్యం లేదు. మీరు చేరేది బీకామ్ అయితే ఆ సంస్థలో ఎన్ని పరిశోధనా పత్రాలు వచ్చాయన్నది మీ క్లాసు గదిని పెద్దగా మార్చదు.

కాలేజీల నాణ్యతను తనిఖీ చేసే జాతీయ సంస్థలు రెండున్నాయి: నాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. గేటు మీద ఏ ప్లస్ ప్లస్ అని రాసి, మీరు చేరే కొత్త బ్రాంచికి ఎన్‌బీఏ లేకపోవచ్చు. గ్రేడును కళ్లు మూసుకుని నమ్మడం కూడా మంచిది కాదు. 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీ బృందంలోని వాళ్లనే సీబీఐ లంచం కేసులో అరెస్టు చేసింది.

వీటన్నిటికంటే నేను నమ్మేది కాలేజీ తనంతట తాను ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు పంపిన డేటా పీడీఎఫ్. కాలేజీ వెబ్‌సైటులో అడుగున ఎక్కడో "ఎన్‌ఐఆర్‌ఎఫ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్లేస్‌మెంట్ బ్యానర్‌లో నవ్వుతున్న పది ముఖాల కంటే ఈ కాగితం ఎక్కువ మాట్లాడుతుంది.

దాన్ని ఇలా చదవండి. మొదట విద్యార్థుల సంఖ్య పట్టిక. అందులో మగ, ఆడ, మొత్తం, రాష్ట్రంలోనివారు, ఇతర రాష్ట్రాలవారు అని వరుసగా ఉంటుంది. ఇతర రాష్ట్రాల అంకె చాలా చిన్నదైతే మీ పిల్లవాడు అక్కడ కొంతకాలం ఒంటరిగా ఉండాల్సి రావచ్చు. అదే అంకె సగానికి మించిపోతే, చుట్టూ కన్సల్టెన్సీల ద్వారా వచ్చినవాళ్లు ఎంతమందో అడిగి తెలుసుకోండి.

తర్వాత ప్లేస్‌మెంట్ పట్టిక. నాలుగేళ్ల కోర్సులు ఒకచోట, మూడేళ్లవి ఒకచోట, పోస్ట్ గ్రాడ్యుయేషన్ కోర్సులు వేరేచోట ఉంటాయి. మాటవరసకు ఒక వరుసలో సీట్లు 600, చేరినవారు 580, సమయానికి పాసైనవారు 460, ఉద్యోగం వచ్చినవారు 290, పైచదువుకు వెళ్లినవారు 40, మధ్యస్థ జీతం 450000 అని ఉందనుకోండి. జీతాన్ని అంకెల్లో రాసి పక్కనే అక్షరాల్లో కూడా రాస్తారు. బ్రోచర్‌లో "గరిష్ఠ ప్యాకేజీ 40 లక్షలు" అని ఉన్నది ఈ కాలేజీయే కావచ్చు. కానీ మధ్యస్థం అంటే ఉద్యోగం వచ్చిన 290 మందిలో సగం మందికి నాలుగున్నర లక్షలో అంతకంటే తక్కువో వచ్చిందని. చేరిన 580 మందిలో 120 మంది నాలుగేళ్లలో బయటపడలేదని కూడా అదే వరుస చెబుతోంది. నాకు జీతం కంటే ఈ 120 ఎక్కువ కలవరపెడుతుంది. అంతమంది ఎందుకు ఆగిపోయారు? బ్యాక్‌లాగులా, మధ్యలో మానేశారా? క్యాంపస్‌కు వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఈ అంకెలు బ్రాంచీల వారీగా ఉండవు. సీఎస్‌ఈ, మెకానికల్ కలిసిపోయి ఉంటాయి. దానికి లింక్డ్‌ఇన్ ఉంది. కాలేజీ పేజీలో పూర్వ విద్యార్థుల్ని మీ బ్రాంచి పేరుతో వడపోసి, రెండు మూడేళ్ల క్రితం పాసైనవాళ్లు ఎక్కడున్నారో చూడండి. ఇద్దరు ముగ్గురికి మర్యాదగా మెసేజ్ పెడితే ఒకరైనా జవాబిస్తారు, తెలుగువాళ్లైతే ఫోన్ చేసి మరీ చెబుతారు.

ఇంజినీరింగ్ వాళ్లు ఇంకొకటి చూడాలి: ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి) ఏటా ఇచ్చే అనుమతి లేఖల్లో బ్రాంచీల వారీ సీట్లు. 2024–25 నుంచి బాగా నడిచే సంస్థలకు బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో కొన్నిచోట్ల సీఎస్‌ఈ, ఏఐ, డేటా సైన్స్ సెక్షన్లు ఏటేటా పెరుగుతున్నాయి. మూడేళ్ల లేఖలు పక్కపక్కన పెట్టండి. సీట్లు రెండింతలై, వెబ్‌సైటులోని అధ్యాపకుల జాబితా మాత్రం అంతే ఉంటే, పాత బ్యాచ్‌ల మీద వచ్చిన పేరు మీ బ్యాచ్‌కు వర్తించదు.

ఐదో మెట్టు: డబ్బు

ఫీజును నాలుగేళ్లకూ కలిపి, ఏటా పెంపు ఎంతో రాతపూర్వకంగా అడగండి. రెండు తెలుగు రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకుని బెంగళూరు ప్రైవేటు కాలేజీ లెక్క వేయకండి. అది సాధారణంగా సొంత రాష్ట్రంలోని కాలేజీలకే.

బ్యాంకు రుణం తీసుకునేవాళ్లకు కాలేజీ ర్యాంకు నేరుగా పనికొచ్చేది ఒక్కచోట. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎన్‌ఐఆర్‌ఎఫ్ ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల్లో (మొదట 860) చేరినవాళ్లకు పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ. జాబితా ఏటా మారుతుంది. సీటు ఖరారు చేసుకునేముందే మీ కాలేజీ అందులో ఉందో లేదో పోర్టల్‌లో చూడండి.

ఆరో మెట్టు: అక్కడ రోజులు ఎలా గడుస్తాయి

ఇక్కడ తల్లిదండ్రులు హాస్టల్ మంచం చూస్తారు, పిల్లలు ఫెస్ట్ రీల్స్ చూస్తారు. రెండూ అవసరమే, రెండూ చాలవు.

మొదట హాజరు నియమం. వీటీయూ కాలేజీల్లో 85 శాతం అడుగుతారు. క్రైస్ట్‌లోనూ అంతే, అక్కడ కచ్చితంగా పట్టించుకుంటారన్న పేరుంది. ఇంటర్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చుని వచ్చిన పిల్లలకు ఇది కష్టం కాదు. బయట ఇంటర్న్‌షిప్పులు, హ్యాకథాన్లు, సినిమా పనులు చేద్దామనుకునేవాళ్లు మాత్రం దీనికి మినహాయింపులు ఎలా ఇస్తారో ముందే కనుక్కోవాలి.

అమ్మాయిల హాస్టల్‌లో రాత్రి ఎన్నింటికి లోపలికి రావాలి, అబ్బాయిలకు అదే సమయమా, అవుట్‌పాస్‌కు తండ్రి ఫోన్ చేస్తే చాలా, లైబ్రరీ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది: ఈ నాలుగింటికీ జవాబు వస్తే ఆ సంస్థ పిల్లల్ని పెద్దవాళ్లుగా చూస్తుందో లేదో తెలుస్తుంది. లైబ్రరీ తొమ్మిది దాకా తెరిచి ఉండి, అమ్మాయిలు ఏడున్నరకే లోపలుండాలంటే ఆ లైబ్రరీ వాళ్లది కాదన్నట్టే.

ఫెస్టులు సరదాకే కాదు. కాలేజీ ఎనిమిదో మైలు దగ్గర ఉందని ఆర్‌వీ ఫెస్టుకు ఎయిత్ మైల్ అని పేరు. బీఎంఎస్‌లో ఉత్సవ్. వీటిని ఎవరు నడుపుతారో చూడండి. పిల్లలే స్పాన్సర్లను తెచ్చి, లెక్కలు రాసి, స్టేజీ కట్టిస్తున్నారా, లేక మేనేజ్‌మెంట్ సినిమావాళ్లను పిలిపించి పిల్లల్ని కుర్చీల్లో కూర్చోబెడుతోందా? మొదటి రకం కాలేజీలో పని నేర్చుకుంటారు. సైన్స్ మీద ఆసక్తి ఉంటే ఐఐఎస్‌సీ ఓపెన్ డే రోజున పిల్లవాణ్ణి తీసుకురండి. ల్యాబులన్నీ జనానికి తెరుస్తారు, ఎక్కడ చేరినా ఆ రోజు గుర్తుంటుంది.

భాష గురించి భయం అక్కర్లేదు. మారతహళ్లిలో కూరగాయల నుంచి కటింగ్ షాపు దాకా తెలుగుతో గడిచిపోతుంది, ఆంధ్రా మీల్స్ బోర్డు లేని పేట కష్టం. అసలు ఇబ్బంది ఇంకోటి. ఇంటర్‌లో ఒకే సెక్షన్‌లో చదివిన నలుగురూ ఒకే పీజీలో ఒకే గదిలో దిగి, నాలుగేళ్ల తర్వాత అదే నలుగురితో ఊరికి వెళ్లిపోవడం. దానికి బెంగళూరు దాకా రానక్కర్లేదు. గదిలో ఒక్కరైనా వేరే రాష్ట్రం వాళ్లుండేలా చూసుకోండి. కన్నడ లిపి మనదానికి ఎంత దగ్గరంటే బస్సు బోర్డులు చదవడం వారంలో వచ్చేస్తుంది. వీటీయూ వాళ్లు మొదటి ఏడాది కన్నడ రానివారికి బళకె కన్నడ అని చిన్న కోర్సు పెడతారు. మార్కుల కోసం కాకుండా నేర్చుకుంటే ఆటోవాళ్లతో, ఇంటి ఓనర్లతో మాట తీరే మారిపోతుంది.

పీజీ తీసుకుంటుంటే నీళ్ల గురించి అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి చాలా పేటల్లో ట్యాంకర్ల కోసం గొడవలయ్యాయి. కావేరి నీళ్లు వస్తాయా, బోరా, ట్యాంకరా అన్నది ఓనర్‌ను కాదు, అక్కడ ఉంటున్నవాళ్లను అడగాలి. అదే ఏడాది అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకు నిబంధనలు పెట్టింది: మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, వంటకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు. గదిలో మంచాలు లెక్కపెట్టి అడుగులతో కొలుచుకుంటే ఎన్ని పీజీలు ఈ లెక్కకు నిలుస్తాయో మీకే తెలుస్తుంది. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారో రాయించుకోండి. ఫ్లాట్ తీసుకునేవాళ్లయితే కొందరు ఓనర్లు పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగే ఊరు ఇది, బేరమాడండి.

ర్యాగింగ్ జరిగితే జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉన్నారా, వారానికి ఎన్ని రోజులు ఉంటారు అన్నదీ అడ్మిషన్ ఆఫీసులో అడగండి. ఆ ప్రశ్నకు తడబడే ఆఫీసులు చాలానే ఉన్నాయి.

ఏడో మెట్టు: వెళ్లి చూడండి, పని రోజున

ఆదివారం గేటు, ఫౌంటెన్ మాత్రమే కనిపిస్తాయి. మంగళవారమో బుధవారమో, సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వెళ్లండి. ఉండబోయే చోటు నుంచి కాలేజీ టైముకు బయలుదేరి, పిల్లలు ఎక్కే బస్సో మెట్రోనో ఎక్కండి. కారులో వెళితే సగం సంగతులు తెలీవు.

అడ్మిషన్ ఆఫీసు వాళ్లు చూపించే ఏసీ ల్యాబు కాకుండా నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఐదు నిమిషాలు చదవండి. డిటెయిన్ అయిన పిల్లల జాబితా ఎంత పొడవుంది, క్లబ్బుల పోస్టర్లు ఈ నెలవా, రెండేళ్ల క్రితం నాటివా, ఇంటర్న్‌షిప్ నోటీసుల మీద కంపెనీల పేర్లున్నాయా. నోటీసు బోర్డును ఎవరూ అతిథుల కోసం సర్దిపెట్టరు. తర్వాత క్యాంటీన్‌లో భోజనం చేస్తూ మూడో ఏడాది పిల్లలతో మాట కలపండి. మొదటి ఏడాది వాళ్లకు ఇంకా తెలియదు, చివరి ఏడాది వాళ్లు ఉద్యోగం వచ్చిందో లేదో దాన్ని బట్టి మాట్లాడతారు. "మళ్లీ చేరమంటే ఇక్కడే చేరతావా" అని అడగకండి, మర్యాదకు అవుననేస్తారు. "మీ క్లాసులో చేరినవాళ్లలో ఎంతమంది ఇప్పుడు లేరు?", "మీ సబ్జెక్టు సార్లు ఏడాదిలో ఎంతమంది మారారు?" అని అడగండి.

తల్లిదండ్రులు ఒకవైపు, పిల్లవాడు ఒకవైపు విడిపోయి తిరిగితే ఇంకా మంచిది. నాన్న పక్కనుంటే సీనియర్లు హాస్టల్ గురించి నిజం చెప్పరు.

చివరి మెట్టు: కట్టే ముందు, కట్టిన తర్వాత

ఎంసెట్ కౌన్సెలింగ్‌ను పూర్తిగా వదులుకోకండి, రెండూ ఒకే సమయంలో నడుస్తాయి. ముందు బెంగళూరులో ఫీజు కట్టి, తర్వాత మన రాష్ట్రంలో మంచి సీటొచ్చి వెనక్కి రావాల్సి వస్తే యూజీసీ ఫీజు వాపసు నిబంధనలు మీకు రక్షణ. అడ్మిషన్ల చివరి తేదీకి ముందూ తర్వాతా ఎన్ని రోజులకు ఎంత తిరిగి ఇవ్వాలో వాటిలో శాతాలతో ఉంటుంది. ఆ ఏడాది వర్తించే తేదీలు చూసి, సీటు వదులుకుంటున్నట్టు ఈమెయిల్‌లో రాసి పంపండి, నోటిమాట చెల్లదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. వెరిఫికేషన్ అయిపోగానే తిరిగి తీసుకోండి, "తర్వాత ఇస్తాం" అంటే రసీదు అడగండి.

వేరే రాష్ట్రం బోర్డులో చదివినవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ఇంటర్ బోర్డుకు దరఖాస్తు చేస్తే వస్తుంది, కాలేజీ తెరిచాక పరుగెత్తే బదులు మార్కుల మెమోతో పాటే పెట్టుకోండి. దానితోపాటు టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అన్నీ నాలుగైదు జెరాక్సులు చేయించి, స్కాన్ చేసి ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ పెట్టుకోండి. వీటీయూ కాలేజీల్లో చేరితే బయటి బోర్డు వాళ్లకు ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ అడుగుతారా, దాన్ని కాలేజీయే తెప్పిస్తుందా, మీరే తెచ్చుకోవాలా అన్నది ఫీజు కౌంటర్ దగ్గరే తేల్చుకోండి. మొదటి సెమిస్టర్ పరీక్ష ఫారం నింపేటప్పుడు ఆ కాగితం లేదని తెలిస్తే ఊరికీ బెంగళూరుకీ మధ్య తిరగాల్సింది మీరే.